సీ–బుక్కులో మూడో పేరు: మారుతీ వ్యాన్ దీర్ఘాయుష్షు

భారతదేశంలో కుటుంబ వాహనాల చరిత్ర రాసేవారు చాలావరకు కర్మాగారం గేటు దగ్గర మొదలుపెట్టి, కొత్తబండి తాళంచెవి మొదటి యజమాని చేతిలో పడిన చోటనే కలం పక్కన పెడతారు. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొట్టమొదటి మారుతీ 800 తాళంచెవిని దాని యజమానికి అందించిన ఛాయాచిత్రం ఆ కథలో తప్పనిసరి ఘట్టం. ఆ మరుసటి ఏడాది చివర్లో అదే కర్మాగారం నుంచి వెలువడిన మారుతీ వ్యాన్ విషయంలో మాత్రం ఈ పద్ధతి సరిపోదు, ఎందుకంటే ఆ బండి అసలు చరిత్ర మొదటి యజమాని దాన్ని అమ్ముకున్న తర్వాతనే మొదలైంది. పది, ఇరవై, కొన్నిచోట్ల ముప్పై ఏళ్లపాటు దాన్ని రోడ్డు మీద నిలిపినవారు రెండో యజమానులు, మూడో యజమానులు, వారి వెనుక ఉన్న షెడ్డు మేస్త్రీలు, పాత సామాన్ల దుకాణదారులు, రవాణా కార్యాలయం చుట్టూ తిరిగే ఏజెంట్లు. బండికి ఆయుష్షు పోసింది కర్మాగారం కన్నా వీరేనని చెప్పడానికి కావలసినంత ఆధారం ఆ బండి నిర్మాణంలోనే కనిపిస్తుంది.

ఆ నిర్మాణం జపానులో పుట్టింది. జపాను ప్రభుత్వం 'కెయ్' అనే చిన్నవాహనాల తరగతికి పన్నులో రాయితీలిచ్చి, బదులుగా వాటి కొలతలకు కఠినమైన హద్దులు పెట్టింది; 1976 నుంచి 1990 వరకు అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అలాంటి బండి పొడవు 3.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, ఇంజను 550 సీసీ దాటకూడదు. అంత ఇరుకు హద్దుల్లో మనుషులకూ సరుకుకూ ఎక్కువ చోటు దక్కాలంటే ముందున్న ముక్కును పూర్తిగా తీసేసి, ఇంజనును ముందుసీట్ల కిందికి నెట్టడం ఒక దారి అయింది. సుజుకీ సంస్థ 'క్యారీ' పేరుతో అమ్మిన బండి అలా తయారైనదే. విదేశాలకు పంపే రకానికి కాస్త పెద్ద ఇంజను పెట్టారు. 1984 నవంబరులో గుర్‌గావ్ కర్మాగారం నుంచి 'మారుతీ వ్యాన్'గా వెలువడింది ఆ రకమే, దాని ఇంజను మూడు సిలిండర్లతో 796 సీసీ. దాదాపు అదే కాలంలో, 1983 నవంబరులో, అమెరికాలో క్రైస్లర్ సంస్థ తొలి మినీవ్యాన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ పెద్ద స్టేషన్ వ్యాగన్ల స్థానంలో కుటుంబాలకు మరింత ఎత్తు, మరింత సౌఖ్యం ఇవ్వాలన్నది లక్ష్యం కాగా, ఇక్కడికి చేరింది సరుకుబండి పెట్టెకు సీట్లు బిగించిన ఏర్పాటు. రెండింటినీ మినీవ్యాన్ అనే ఒకే మాటతో పిలవవచ్చుగానీ, ఒకటి భోజనాలగదిని చక్రాల మీద పెట్టిన ఆలోచన అయితే, రెండోది కొట్టుగదిని చక్రాల మీద పెట్టిన ఆలోచన. కొట్టుగది ఎందుకైనా పనికొస్తుంది. తర్వాతి ముప్పై ఏళ్లలో దానికి దొరికిన రకరకాల ఉపాధి ఈ గుణం నుంచి వచ్చిందే.

1988లో సంస్థ దాని పేరును 'ఆమ్ని'గా మార్చింది, అయితే తెలుగునాట ఆ పేరు పత్రాల మీదనే నిలిచి, వాడుకలో అది చివరిదాకా మారుతీ వ్యానుగానే కొనసాగింది. సినిమాల్లో దుండగులు మనుషులను ఎత్తుకుపోయే బండిగా దానికి దక్కిన అపకీర్తికి కూడా కారణం నిర్మాణంలోనే ఉంది: పక్కకు జరిగే తలుపు బండి ఆగీ ఆగకముందే తెరుచుకుంటుంది, ఇరుకు సందులో గోడకు తగలదు. ముసలివాళ్లను, చంటిపిల్లల తల్లులను, వంట పాత్రలను ఎక్కించడానికి ఆ తలుపు ఎంత అనువైనదో చూపడానికి మాత్రం సినిమాలకు తీరిక దొరకలేదు.

ఈ వ్యాను రాకముందే దేశంలో పాతబండిని ఏళ్ల తరబడి నడిపే సంస్కృతి గట్టిపడి ఉంది. అంబాసడర్, తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన ఫియట్, ఈ రెండే ప్రధానంగా దొరికే కాలంలో, ఉత్పత్తిపై లైసెన్సుల పరిమితి ఉండటంతో కొత్తకారు కోసం డబ్బు కట్టినవారు ఏళ్లు ఎదురుచూడవలసి వచ్చేది. ఆ కారణంగా చేతిలో సిద్ధంగా ఉన్న పాతబండికి కొత్తదానితో పోటీపడే ధర పలికేది, ఒక్కోసారి అంతకుమించి కూడా పలికేది. మారుతీ బండ్ల కోసం పది వేల రూపాయల ముందస్తు కట్టి పేరు నమోదు చేసుకున్నవారి సంఖ్య లక్ష దాటిందంటే, ఆనాటి కరువు ఎంతటిదో తెలుస్తుంది. ఇలాంటి వాతావరణంలో బండిని పారేయడం అన్న ఆలోచనకే తావులేదు. ఇంజను బోరుకు వస్తే, అంటే సిలిండరు లోపలి గోడ అరిగి ఇంజనాయిలు పైకి చేరి పొగయి పోతుంటే, సిలిండరును లేతుషాపులో కొద్దిగా పెద్దది చేసి దానికి తగిన పెద్ద పిస్టన్ వేసి మళ్లీ నడిపేవారు. విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల లారీల మీద ఈ విద్యలో ఆరితేరిన చేతులే తర్వాత మారుతీ ఇంజన్ల మీదకు మళ్లాయి.

మొదట్లో ఆ మళ్లింపు సాఫీగా సాగలేదు. ఇనుప దిమ్మలాంటి అంబాసడర్ ఇంజనుకు అలవాటుపడిన చేతికి మారుతీ ఇంజను సుకుమారంగా తోచింది. దాని పైభాగమైన సిలిండర్ హెడ్ అల్యూమినియంది, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టును తిప్పేది పళ్లున్న రబ్బరు బెల్టు. విడిభాగాల్లో చాలావాటిని మొదట జపాను నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. 1985 తర్వాత యెన్ విలువ ఒక్కసారిగా పెరగడంతో దిగుమతి భాగాల ఖర్చు భరించరానిదై, సంస్థ దేశీయ తయారీని అనుకున్నదానికన్నా వేగంగా విస్తరించింది. టోక్యో ద్రవ్య విపణిలో జరిగిన ఈ మార్పు కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఒక వ్యాను ఎన్నేళ్లు బతకాలన్నదాన్ని నిర్ణయించిందనడం అతిశయోక్తిగా వినిపించవచ్చుగాని, విడిభాగం దేశంలో తయారైతేనే దాని నకలు కూడా దేశంలో తయారవుతుంది, నకలు తయారైతేనే అది చిన్నపట్టణపు దుకాణందాకా చేరుతుంది. షెడ్లలో 'ఒరిజినల్', 'లోకల్' అంటూ పక్కపక్కనే రెండు ధరలు చెప్పే అలవాటు స్థిరపడింది ఈ వరుసలోనే. సికింద్రాబాద్ రాణీగంజ్ వంటి బజార్లలో కొత్త భాగాలు దొరికితే, ఆటోనగర్ తుక్కు వరుసల్లోనూ, తెలుగు మేస్త్రీలకు కూడా పరిచయమైన మద్రాసు పుదుప్పేటలోనూ విప్పిన బండ్ల భాగాలు దొరికేవి.

ఇక్కడ వ్యానుకు కలిసొచ్చిన అంశం మరొకటి ఉంది, బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనది. దాని ఇంజను లోపలి భాగాలు చాలావరకు మారుతీ 800 కారువే. కారులో ఇంజను అడ్డంగా కూర్చుని ముందుచక్రాలను తిప్పితే, వ్యానులో నిలువుగా కూర్చుని, ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే పొడవాటి ఇనుప దండం ద్వారా వెనుకచక్రాలను తిప్పుతుంది. గేరుబాక్సు వేరు, వెనుక ఇరుసు వేరు, అయినా పిస్టన్లు, రింగులు, బేరింగుల దగ్గర ఇద్దరూ దాయాదులే. ఆ కాలంలో దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారుకు కావలసిన సామాను ప్రతి పట్టణంలోనూ ఉండేది కనుక, దానికన్నా తక్కువ సంఖ్యలో తిరిగే వ్యానుకు ఆ సౌకర్యం ఉచితంగా దక్కింది. 2001లో ఇదే సంస్థ ఎంతో ప్రచారంతో విడుదల చేసిన 'వెర్సా' అనే మరింత ఖరీదైన వ్యానుకు ఆదరణ కరువైంది. ఖరీదు, సౌఖ్యం బండిని అమ్మించగలవేమోగాని, పదిహేనో ఏట దాన్ని షెడ్డులో లేపి నిలబెట్టేది మాత్రం పక్కవీధి కొట్లో ఆ భాగం దొరకడమే.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానం తొలగిపోయి, కొత్త సంస్థలు ప్రవేశించి, వాయిదాల మీద బండ్లు కొనడం మధ్యతరగతికి అలవాటయ్యాక, పాతబండి ధర దిగింది. టాటా సుమో, 2000 నుంచి టొయోటా క్వాలిస్ వంటి పెద్దబండ్లు ఉమ్మడి కుటుంబాలనూ అద్దె ప్రయాణాలనూ అందుకోవడంతో, మొదటి యజమానులైన వైద్యులు, గుత్తేదారులు, వ్యాపారులు వ్యాన్లను వదిలించుకున్నారు. వాటిని అందుకున్న రెండో వర్గం వేరు: కిరాణా దుకాణదారు, టెంటుసామాన్ల వ్యాపారి, ఫొటోగ్రాఫరు, బడిపిల్లలను తీసుకెళ్లే డ్రైవరు, ఆసుపత్రి పక్కన అంబులెన్సు నడిపేవాడు. ఇలాంటి ఇంట్లో ఒకే బండి వారంలో ఆరు రోజులు సరుకు మోసి, ఏడో రోజు వెనుకసీటు బిగించుకుని కుటుంబాన్ని పెళ్లికో మొక్కుకో తీసుకుపోయేది. కాగితం మీద అయిదుగురికీ ఎనిమిదిమందికీ తయారైన బండిలో ఎంతమంది కూర్చున్నారన్నది ముహూర్తాల కాలంలో ఎవరూ లెక్కపెట్టలేదు.

అలాంటి బరువుతో ఘాట్‌రోడ్డు ఎక్కినప్పుడు దాని బలహీనత బయటపడేది. ముక్కులేని బండిలో ఇంజనుకు సోకే గాలి తక్కువ. సీటు కింద పెట్టెలో మూసి ఉన్న వేడి నేరుగా డ్రైవరు తొడలకు తగులుతుంది. రేడియేటరులో నీళ్లు తగ్గినా, ఫ్యాను మొరాయించినా వేడి మితిమీరి అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, హెడ్డుకూ దాని కిందిభాగానికీ మధ్యనుండే పలుచని గ్యాస్కెట్ కాలిపోతుంది, నీళ్లు ఆయిల్లో కలిసి అది పాలటీ రంగుకు మారుతుంది. ఆయిల్ చూసే పుల్ల బయటికి తీసి ఆ రంగు కనబడగానే మేస్త్రీ నోట వచ్చే తీర్పు 'హెడ్ దించాలి' అన్నదే. హెడ్డును లేతుషాపుకు పంపి అడుగు చదును చేయించడాన్ని ఫేసింగ్ అంటారు. ఒకే హెడ్డుకు రెండుమూడుసార్లకు మించి ఫేసింగ్ పనికిరాదు, ఎందుకంటే గీకిన ప్రతిసారీ అది పలుచబడి, లోపల ఇంధనం మండే చోటు ఇరుకవుతుంది. వాడిన బండి కొనేవాడు ఓడోమీటరు అంకెలను నమ్మకుండా ఆయిల్ మూత తీసి చూడటం, చల్లారిన ఇంజనును తనముందే స్టార్టు చేయించడం ఈ అనుభవం నేర్పిన జాగ్రత్తలే.

ఇంజను చూడాలంటే బానెట్ ఎత్తే బదులు సీటు ఎత్తాలి. మేస్త్రీ తలుపు తీసి, సీటును వెనక్కు మడిచి, మూత తీసి, బండి గడప మీద మోకాలు ఆనించి పనిచేస్తాడు. ఒకచేయి మాత్రమే దూరే సందులో కార్బ్యురేటర్, అంటే గాలినీ పెట్రోలునూ తగిన పాళ్లలో కలిపే భాగం, దాని పక్కనే ప్లగ్గులు ఉంటాయి. కార్బ్యురేటర్ విప్పి, సూదిరంధ్రం వంటి జెట్లను పెట్రోలుతో కడిగి గాలి ఊది, ప్లగ్గుల సందునూ కాంటాక్టు పాయింట్ల సందునూ సరిచేసి, టాపెట్ల వదులు చూసి, చివరికి స్క్రూడ్రైవరు కొసతో ఐడ్లింగ్ మరను చెవితో వింటూ తిప్పడాన్ని కలిపి 'ట్యూనింగ్' అనేవారు. ఉద్గార నిబంధనలు బిగిసి, కార్బ్యురేటర్ స్థానంలో కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి వచ్చాక ఈ చెవివిద్యకు గిరాకీ తగ్గింది. అయితే పాత రకం వ్యాన్ల యజమానులు వాటిని వదలకపోవడానికి, చెడిపోతే స్కానరు లేకుండానే ఏ ఊళ్లోనైనా బాగవుతుందన్న ధీమా కూడా ఒక కారణమైంది.

పక్కతలుపుకూ ప్రత్యేకమైన శ్రద్ధ కావాలి. బండి పక్కనా గడప కిందా ఉన్న పట్టాలలో చిన్న రోలర్లు దొర్లుతూ తలుపును మోస్తాయి. మట్టిరోడ్ల దుమ్ము గ్రీజుతో కలిసి పట్టాలో ముద్దకడితే రోలరు తిరగడం మాని ఈడ్చుకుపోతుంది, అరుగుతుంది, తలుపు వెనుకకొస దిగజారుతుంది, అప్పుడు దాన్ని మూయాలంటే కాస్త పైకెత్తి విసరాలి. చాలా పాతవ్యాన్ల తలుపుకు ఇలా ఎత్తి విసిరే ఒడుపు ఇంటివాళ్లకు మాత్రమే తెలుసు. కోస్తా జిల్లాల్లో దీనికి తుప్పు తోడవుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తలుపుల అడుగు అంచులు, చక్రాల పైకమ్ములు, కాళ్లకింది రేకు మొదట పోతాయి. రేకు కోసి కొత్తది అతికి వెల్డింగ్ చేయడం ఖర్చుతో కూడినది కనుక, చిల్లును లప్పంతో పూడ్చి రంగుకొట్టి అమ్మకానికి పెట్టడం మార్కెట్టులో పాతకాలపు మోసం. అనుభవమున్న బేరగాడు రేకును వేలితో కొట్టి చప్పుడు వింటాడు, లప్పం ఉన్నచోట మోత మొద్దుగా వస్తుంది.

పెట్రోలు ధర పెరిగేకొద్దీ ఈ బండ్ల చరిత్రలో ఒక చీకటి అధ్యాయం మొదలైంది. ఇంట్లో వంటకు రాయితీతో దొరికే 14.2 కిలోల గ్యాస్ సిలిండరును వెనుకసీటు చాటున పెట్టి, దాని గ్యాసుతో బండి నడపడం 1990లలో దేశమంతటా పాకింది. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2001లో ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి, ప్రభుత్వం ఆటో ఎల్‌పీజీని చట్టబద్ధం చేసింది: ఆమోదం పొందిన కిట్టు, బండికి శాశ్వతంగా బిగించే ట్యాంకు, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు తప్పనిసరి అయ్యాయి, తర్వాత సంస్థ కూడా ఫ్యాక్టరీలోనే గ్యాస్ అమర్చిన రకాన్ని తెచ్చింది. అయినా వంటగ్యాసుకూ బంకు గ్యాసుకూ ధరలో తేడా ఉన్నంతకాలం దొంగచాటుగా గ్యాసు ఎక్కించే పద్ధతి ఆగలేదు, మూసిన షెడ్లలో జరిగిన ఆ ఎక్కింపుల్లోనూ, పిల్లలతో నిండిన వ్యాన్లలోనూ అగ్నిప్రమాదాలు ప్రాణాలు తీశాయి. పొదుపు పేరుతో కుటుంబం తన వీపు వెనుకే నిప్పును కట్టుకు తిరిగిన ఈ అలవాటును పాతబండి నిర్వహణలోని నేర్పుగా పొగడటం కుదరదు.

ఇనుము సంగతి ఇలా ఉండగా, కాగితం సంగతి అంతకన్నా చిక్కైనది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును తెలుగువారు 'సీ–బుక్కు' అని పిలిచారు, ఎందుకంటే కార్డు రూపం రాకముందు అది నిజంగానే చిన్నపుస్తకం. మొదటి యజమాని పేరు, చిరునామా, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ముందుపేజీల్లో ఉంటే, యాజమాన్యం మారినప్పుడల్లా తర్వాతి పేజీలో గుమాస్తా చేతిరాతతో కొత్త పేరు, కిందగా కార్యాలయపు ముద్ర పడేవి. అలాంటి పుస్తకం ఒకదాన్ని తిరగేస్తే బండి ఏ ఊరినుంచి ఏ ఊరికి, ఏ బ్యాంకు అప్పుకింద, ఎన్నేళ్లకోసారి చేతులు మారిందో తెలుస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాక నంబరు పలకలు ఆంగ్ల 'ఎ'తో మొదలయ్యే మూడక్షరాల గుర్తుల నుంచి 'ఏపీ 16', 'ఏపీ 31' వంటి రూపానికి మారాయి కనుక, పాత మూడక్షరాల పలకతో కనిపించిన వ్యాను తన వయసు తానే చెప్పుకునేది.

అయితే బుక్కులో పేర్ల సంఖ్య, బండి నిజంగా చూసిన యజమానుల సంఖ్య ఎప్పుడూ ఒకటి కాదు. చట్టంలోని 50వ సెక్షను అమ్మినవాడినీ కొన్నవాడినీ ఇద్దరినీ గడువులోగా మార్పు తెలపమంటుంది. అందుకు 29, 30 నంబర్ల ఫారాలున్నాయి. ఆచరణలో అమ్మినవాడు ఆ ఫారాలమీద ఖాళీగా సంతకం చేసి ఇచ్చేయడం, దళారి వాటిని బండితోపాటే తర్వాతివారికి అందించడం, చివరికి ఫీజు కట్టక తప్పని పరిస్థితి వచ్చినవాడు తన పేరు రాసుకోవడం రివాజైంది. మధ్యలో బండిని నడిపినవారి జాడ ఎక్కడా మిగలదు. దీని ఫలితం మొదటి యజమానికి ఏళ్ల తర్వాత కోర్టు నోటీసు రూపంలో తెలిసేది. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అనీ, బండి ఎన్ని చేతులు మారినా ప్రమాద పరిహారపు బాధ్యత ఆ పేరు మీదనే ఉంటుందనీ స్పష్టం చేసింది.

సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ తనిఖీ చేసే మోటారు వాహనాల అధికారిని జనం 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అన్నారు. చట్టం ఎన్ని విషయాలు చూడమన్నా, ప్రజల దృష్టిలో ఆయన చూసేది బ్రేకునే. జపానులో ఇదే దశ పూర్తిగా వేరుగా నడిచింది. అక్కడి నిర్బంధ తనిఖీ 'షాకెన్' కొత్తకారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి వస్తుంది, దాని ఖర్చుకు జంకి చాలామంది యజమానులు బాగా నడిచే బండినే వదిలేస్తారు, అవి ఓడలెక్కి ఇతర దేశాలకు పోతాయి. పుట్టింట్లో తొందరగా ముసలిదనిపించుకున్న నమూనా ఇక్కడ పదిహేనేళ్లకుగాని తనిఖీ ముఖం చూడలేదు. ఆ ఉదారత్వానికి గాలి నాణ్యత మూల్యం చెల్లించిందనేవారి మాట కొట్టివేయదగ్గది కాదు. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అమలు చేయమనడంతో, అక్కడి బండ్లు నిరభ్యంతర పత్రాలతో ఇతర రాష్ట్రాలకు తరలాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. దానికి హరిత పన్ను, బీమా, కాలుష్య ధ్రువపత్రం, తనిఖీకి ముందు షెడ్డు ఖర్చు కలిపితే, కొన్ని పాతవ్యాన్ల విషయంలో లెక్క తలకిందులైంది.

కొత్తబండి తయారీ అప్పటికే ఆగిపోయింది. ముందుసీటు మీద కూర్చున్నవారి మోకాళ్లకూ ఎదుటి వాహనానికీ మధ్య ఒక రేకు తప్ప ఏమీ లేని నిర్మాణం 2019లో అమల్లోకి వచ్చిన ఢీకొట్టు పరీక్ష నిబంధనలకు నిలిచేది కాదు. ఆ ఏడాదే ఆమ్ని ఉత్పత్తి ముగిసి, 2010 నుంచి ఉన్న 'ఈకో' అనే వ్యాను దాని స్థానాన్ని పూర్తిగా తీసుకుంది. సరిహద్దుకు ఆవల పాకిస్తాన్‌లో ఇదే నమూనా 'బోలాన్' పేరుతో, జనం నోట 'క్యారీ డబ్బా'గా, 2024 వరకు తయారవుతూ వచ్చింది.

మిగిలిన వ్యాన్లు తుక్కు వరుసలకు చేరుతున్నాయి. విప్పేటప్పుడు ముందుగా బ్యాటరీ, టైర్లు, సెల్ఫ్ మోటారు పోతాయి, తర్వాత ఇంజను భాగాలు, అవి ఏ మారుతీ 800లోకో చేరి మరికొంతకాలం తిరుగుతాయి. వెనుక కమాను కట్టలను ట్రాలీలు చేసేవారు కొంటారు, రేకు తూకానికి పోతుంది. ప్రభుత్వ గుర్తింపున్న తుక్కు కేంద్రానికి అప్పగించిన బండి విషయంలో మాత్రం ఛాసిస్ మీద నంబరు చెక్కిన ముక్కను కోసి వేరుగా భద్రపరచాలన్నది 2021 నిబంధన. ఆ నంబరు ఎదుట సీ–బుక్కులో ఉన్న ఆఖరి పేరుగలవాడే బండిని తెచ్చి అప్పగించాలి కనుక, పదేళ్ల కిందట ఖాళీ ఫారాల మీద సంతకం చేసి మరచిపోయిన యజమానిని వెతుక్కుంటూ మూడో చేతివాడు వెళ్లవలసిన సందర్భాలు ఇప్పుడు ఏజెంట్ల బల్లల దగ్గర కొత్త పనిగా మారాయి.